చిరివేరు ఎరుపు (నెల్లూరు తీరం)

కోరమాండల్ తీరంలో చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ల నుంచి తీసి నూలు బట్టకు ఎక్కించిన ముదురు ఎరుపు ఇది. శాస్త్రీయ నామం ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా. తమిళులు దీన్ని సాయవేరు అంటారు. కృష్ణా ముఖద్వారం దగ్గరి నిజాంపట్నం నుంచి నెల్లూరు తీరం, పులికాట్ మీదుగా తమిళ తీరం దాకా ఇసుక నేలల్లో పెరుగుతుంది. రంగంతా సన్నటి వేరు పైబెరడులోనే ఉంటుంది. సాగు చేసిన దానికంటే తానుగా మొలిచిన మొక్క వేరుకే గిరాకీ ఎక్కువ. శ్రీహరికోట దీవిలో యానాదులు దీన్ని తవ్వి తెచ్చేవారు. రాకెట్ల దీవిగానే ఇవాళ లోకానికి తెలిసిన శ్రీహరికోటకు ఇదొక పాత సంగతి.

తెలుగు ఇళ్లలో ఎరుపు శుభం. పసుపులో సున్నం కలిపితే పారాణి. పెళ్లికూతురి పాదాలకు అదే అలంకారం. మధుపర్కాల తెల్లబట్టకు ఎర్రంచు. గ్రామదేవతకు ఎర్రచీర. భర్త పోయిన స్త్రీకి కుంకుమను నిషేధించిన ఆచారం కూడా ఈ రంగు చుట్టూ అల్లుకున్నదే. అయితే పారాణి నాలుగు రోజుల్లో పోతుంది. పశ్చిమాన వెలిగొండల్లో పెరిగే ఎర్రచందనం పూజకు గంధమవుతుందే కానీ, దాని రంగు నీళ్లలో సరిగా కరగదు. ఉతికినా ఎండబెట్టినా నూలును వదలని ఎరుపు కోసం ఈ తీరం చిరివేరునే నమ్ముకుంది.

కలంకారీ బట్టపై నిజానికి ఈ ఎరుపును కలంతో దిద్దరు. దిద్దేది పటిక నీళ్లను. ముందు బట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత చెదరదు. పటిక నీళ్లకు రంగు లేదు కనుక, గీసిన గీత కంటికి ఆనడానికి అందులో కాస్త ఎర్రచెక్క రంగు కలిపేవారు. తర్వాత బట్టను చిరివేరు పొడితో కాగులో ఉడికిస్తారు. పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుంటుంది. తగలనిచోట అంటిన లేత మరక పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, తడుపుతూ ఉంటే పోతుంది. పటిక పలచనైతే గులాబీ, చిక్కనైతే ముదురు ఎరుపు. అందులో ఇనుప నీళ్లు కలిస్తే ఊదా. ఒకే కాగులోంచి ఇన్ని ఛాయలు. కలంకారీలో పువ్వు రేకు అంచు నుంచి లోపలికి ఎరుపు మారడం వెనక చిత్రకారుడి కన్ను ఎంత ఉందో, పటిక పాళ్లు తెలిసిన చెయ్యీ అంతే ఉంది. సున్నం కూడా ముఖ్యం. చిరివేరులోని అలిజరిన్ అనే రంగుపదార్థం పటికతోనూ కాల్షియంతోనూ కలిసినప్పుడే ఎరుపు తేటగా నిలుస్తుంది. గవ్వలూ ఆల్చిప్పలూ కలిసిన తీరపు ఇసుకలో పెరిగిన వేరుకు పేరు రావడానికి ఇదే కారణమై ఉండవచ్చు.

పదిహేడో శతాబ్దంలో ఈ ఎరుపు ఓడలెక్కింది. పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, ఇక్కడి బట్టలను తూర్పు దీవులకు తీసుకెళ్లి సుగంధద్రవ్యాలకు మార్చుకున్నారు. సులవేసి దీవిలోని తొరాజా ప్రజలు అలా చేరిన భారతీయ అద్దకపు బట్టలను పవిత్ర వారసత్వంగా దాచుకుని, కర్మకాండల్లో మాత్రమే బయటికి తీసేవారు. ఇక్కడ సరుకుగా అద్దిన బట్ట అక్కడ దాదాపు దేవతామూర్తి అయింది. ఇంగ్లీషువారు 1626లో దుగరాజపట్నంలో స్థావరం పెట్టి దాన్ని ఆర్మగాన్ అన్నారు. స్థానిక పెద్ద ఆరుముగం మొదలియారు పేరే దానికి మూలమంటారు. అక్కడి స్థావరాధికారి ఫ్రాన్సిస్ డే మంచి బట్ట, మంచి ధర వెతుక్కుంటూ 1639లో మద్రాసు చోటు సంపాదించాక ఆర్మగాన్ వెలవెలబోయింది. మహానగరం పుట్టుకలో నూలు బట్టకు ఇంత పాత్ర ఉంది. యూరపులో ఈ అద్దకాల మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు అద్దకపు నూలుబట్టలు కట్టడాన్నే నిషేధించింది. ఈ అద్దకపు రహస్యం కోసం పరుగూ సాగింది. 1742లో జెసూట్ మతాచార్యుడు కేర్దూ అద్దకం పద్ధతిని ఉత్తరంలో వివరించి ఫ్రాన్సుకు పంపాడు. 1795 నుంచి వెలువడిన కోరమాండల్ మొక్కల గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ చిరివేరుకూ చోటిచ్చాడు.

చిరివేరును దెబ్బతీసింది మాత్రం ఈ ఉత్తరం, గ్రంథం కావు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మాన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేశారు. కొద్ది ఏళ్లలో అది చౌకగా బజారుకెక్కింది. తవ్వి, ఎండబెట్టి, దంచే వేరుకు గిరాకీ పోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ తీరంలో ఎరుపుకు కొత్త అర్థం వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. ఆయన వంటివారు నడిపిన కూలిపోరాటాలతో పల్లెలకు ఎర్రజెండా చేరింది. అమ్మవారి చీర రంగే పార్టీ జెండా రంగు కూడా అయింది.

స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో చేతితో గీసే కలంకారీ ఇప్పటికీ సాగుతోంది. పటిక, కరక్కాయ, పాలు మారలేదు. ఎరుపు దగ్గరే చిక్కంతా. సహజ రంగుల పేరుతో అమ్మే చాలా బట్టల్లో, ముఖ్యంగా పెడన అచ్చు అద్దకంలో, ఎరుపు రసాయన అలిజరిన్‌దే. అణువు ఒకటే కనుక మోసమనడం కష్టం. కానీ వేరులో అలిజరిన్‌తో పాటు ఉండే ఇతర రంగుపదార్థాలు డబ్బాలోని పొడిలో ఉండవు. పాత బట్టలోని ఎరుపు లోతు కొత్తదానిలో కనిపించకపోతే కొనేవారు అద్దకందారుడిని తప్పుపట్టకూడదు.