ఒకే డిస్కు, నాలుగు వాటాలు

అనంతపురం ఎర్రనేలలో ఒక వేరుసెనగ చేనును నలుగురు అన్నదమ్ములు పంచుకొంటే నేల మారదు. నడుమ గట్లు పడతాయి, రికార్డులో నాలుగు పద్దులు పడతాయి. కంప్యూటరు హార్డుడిస్కును విభజించటం కూడా ఇటువంటిదే. అయితే ఇక్కడ గట్టు లేదు. ఉన్నది పద్దు మాత్రమే.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి హార్డుడిస్కులో 50 పళ్ళేలుండేవి. అవన్నీ కలిసి సుమారు 50 లక్షల అక్షరాలను దాచేవి. 1983లో అదే సంస్థ తన పి.సి. ఎక్స్‌.టి. అనే చిన్న కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కును అమర్చింది. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. ఆ కంప్యూటరుకు డాస్, సి.పి.ఎం.-86 వంటివి అనేకం ఉండేవి. ఒకటి దాచిన ఫైళ్ళ అమరిక మరొకదానికి తెలియదు. మరి అవన్నీ ఒకే డిస్కులో ఎట్లా ఇమడగలవు?

ఇందుకు డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లలో 64 బైట్లను పట్టికకు కేటాయించారు. ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు పద్దులు. వాటా ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో ప్రతి పద్దూ చెబుతుంది. వాటిలో ఒకదానికి ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. యంత్రం మేల్కొనగానే ఆ గుర్తున్న వాటాకే అధికారం దక్కుతుంది.

ఈ విభజన విలువ 1991లో ఫిన్లాండులో వెల్లడైంది. లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి డిస్కులో ఒక వాటాలో మినిక్స్, మరొక వాటాలో తాను రాస్తున్న లినక్స్ ఉండేవి. ఒకనాడు మోడెముకు పంపవలసిన ఆజ్ఞలను పొరపాటున మినిక్స్ వాటాకు పంపాడు. మినిక్స్ చెడింది, పక్క వాటాలోని లినక్స్ మిగిలింది. అతడు మినిక్స్‌ను తిరిగి ఎక్కించక లినక్స్‌తోనే ముందుకు సాగాడు.

తెలుగువారికి కూడా ఈ పద్ధతి ఉపకరించింది. 2005లో హైదరాబాదులో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. పాత సిస్టంను తీసివేయకుండానే, దాని పక్క వాటాలో తెలుగు సిస్టంను పరీక్షించి చూడవచ్చు.

పాత పట్టికకు నకలు లేదు; అది చెరిగితే సమాచారం డిస్కులో ఉన్నా దారి తెలియదు. తరువాత వచ్చిన జి.పి.టి. పద్ధతిలో సాధారణంగా 128 పద్దులుంటాయి. నకలు డిస్కు చివర ఉంటుంది. అయినా అది పద్దులకే నకలు, పంటకు కాదు. కనుక విభజనకు పూనుకొనే విద్యార్థి ముందుగా తన ఫైళ్ళను వేరొక డిస్కులో భద్రపరచుకోవాలి.