సింకోనా బెరడు

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల అడవుల్లో పెరిగే సింకోనా చెట్ల చేదు బెరడు. చలి, వణుకుతో వచ్చి, విడిచి, మళ్లీ తిరగబెట్టే విషమజ్వరాలకు (మలేరియా) ఐరోపా వైద్యులకు దొరికిన తొలి నమ్మకమైన మందు ఇదే.

చరిత్ర: 17వ శతాబ్దంలో జెసూట్ మతగురువులు దీన్ని పెరూ నుంచి ఐరోపాకు చేర్చారు. 1677లో ఇది లండన్ ఫార్మకోపియాలో (అధికారిక మందుల గ్రంథంలో) చోటు పొందింది.

వాడుక: ఎండిన బెరడును మెత్తగా దంచి, ఆ పొడిని ద్రాక్షసారాయిలో కలిపి తాగించేవారు. బెరడులోని మందు పాళ్లు చెట్టుకో తీరుగా మారడం, కల్తీ, చాలని మోతాదు వల్ల జ్వరం తిరగబెట్టడం మామూలే. ఏ జ్వరానికి బెరడు పనిచేస్తుందో 1712లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో తోర్తి ఒక చెట్టు బొమ్మగా చూపాడు: నయమయ్యే జ్వరాలు బెరడున్న కొమ్మలు, లొంగనివి బెరడు లేని మోడు కొమ్మలు.

ప్రత్యామ్నాయం: 1763లో ఇంగ్లండ్ మతాచార్యుడు ఎడ్వర్డ్ స్టోన్ విల్లో చెట్టు బెరడు పొడి జ్వరాన్ని తగ్గిస్తుందని రాయల్ సొసైటీకి రాశాడు. మొండి జ్వరాలకు మాత్రం అందులో ఐదో వంతు సింకోనా కలపాల్సి వచ్చింది.

సారం: 1820లో ఫ్రాన్సులో పెల్తియే, కావెంతూ సింకోనా బెరడు నుంచి అందులోని మందు పదార్థమైన క్వినైన్‌ను వేరుచేశారు. దానితో కచ్చితమైన మోతాదు సాధ్యమైంది. ఈ మందు కోసమే 1860ల్లో నీలగిరుల్లో సింకోనా తోటలు వెలిశాయి.