వేటకుక్కను వన్నె చూసి ఎంచలేదు మన పెద్దలు

ఈ వారం వేటకుక్కల చరిత్ర రాస్తున్నాం. కారణం ఉంది. మన కుర్రవాళ్ళు ఈమధ్య పెద్ద ధర పెట్టి రాజపాళయం కుక్కపిల్లలు కొంటున్నారు. ఇంకొందరు గ్రేహౌండ్‌తో కలిపిన పిల్లల్ని తెస్తున్నారు. ఫోటో పెట్టి, "ఇది మన జాతి కుక్క, వేట మన రక్తంలో ఉంది" అని కింద రాస్తున్నారు. పెంచుకోండి, సంతోషమే. కానీ మన పెద్దలు కుక్కను ఎలా ఎంచారు, ఏ కుక్కను ఏ కుక్కతో ఎందుకు కలిపారు, ఎలా పని నేర్పారు అన్నది తెలుసుకోకుండా రక్తం మాట ఎత్తితే అది చరిత్ర అనిపించుకోదు.

మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసి, రిటైరయ్యాక తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నవాళ్ళం. మా రాతలో అరవ వాసన మీకు అలవాటే. ఆ తమిళ చదువు ఈరోజు ఒక మేలు చేసింది. మన పక్కనున్న రాళ్ళ మీది రాతల గురించి తమిళంలో వచ్చినవి చదువుకోగలిగాం. అక్కడి నుంచే మొదలుపెడతాం.

మన ధర్మపురి, పక్కన చెంగం ప్రాంతాలు వీరగల్లులకు పేరుపడ్డవి. తమిళంలో నడుకల్ అంటారు. చెంగం వైపు ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలం నాటి రాయి ఒకటి ఉంది. అంటే ఏడో శతాబ్దం. పశువుల దొంగలతో పోరాడి తన ఎనుముల పక్కనే పడిపోయిన ఒక వీరుడి రాయి అది. ఆ రాతిలో అతని కుక్క కూడా ఉంది. దాని పేరు కోవివన్. ఇద్దరు దొంగల్ని కరిచి కాపలా నిలిచిందని రాశారు. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి కుక్క పేరు ఈరోజు మనకు తెలుసు. మన ముత్తాతకు ముందువారి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకో రాయి కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరుది. ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది. 949లో మన అరక్కోణం దగ్గరి తక్కోలంలో రాష్ట్రకూటులకూ చోళులకూ పెద్ద యుద్ధం జరిగింది. రాష్ట్రకూట కృష్ణుడి పక్షాన గంగరాజు రెండో బూతుగుడు పోరాడాడు. బూతుగుడి వీరుడు మణలేరుడు. యుద్ధంలో అతని సాహసం మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, అతను ఊరు అడగలేదు, బంగారం అడగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. తర్వాత ఆ కాళిని ఒక పెద్ద అడవిపంది మీదికి వదిలారు. పందీ కుక్కా ఒకదాన్నొకటి చంపుకున్నాయి. కుక్కకు రాయి నిలిపి, దాని పూజ జరగడానికి భూమి కూడా ఇచ్చారు.

ఈ రెండు రాళ్ళనూ గమనించండి. కుక్క ఏ రంగో రాయలేదు, ఏ జాతో రాయలేదు. పేరు రాశారు, చేసిన పని రాశారు. ఈ వ్యాసంలో మేము చెప్పాలనుకున్నదంతా అదే. మిగతాది వివరం.

విజయనగర కాలంలో, తర్వాత మదురై నాయకుల కాలంలో తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చారు. పాళయాలు ఏర్పడ్డాయి. వచ్చినవాళ్ళు దిగింది మెట్ట నేలల్లో, అడవి అంచుల్లో. పంట వేస్తే పందులు, కాయడానికి మందలు, చుట్టూ దొంగల భయం. కుక్క లేకుండా బతుకు లేదు. రాజపాళయం రాజులు పెంచిన కుక్కకు ఆ ఊరి పేరే వచ్చింది. ఇది పందుల వేటకూ కాపలాకూ పేరుపడ్డది. సిప్పిపారై, కన్ని అనేవి సన్నగా, కుందేలు వెంట గాలిలా పోయేవి. తేని జిల్లా కోంబై కుక్క గట్టి దవడది, పందికి ఎదురు నిలిచేది. వీటిలో కొన్నింటిని తెల్లవాళ్ళు పాళెగార్ల కుక్కలని కూడా పిలిచారు.

ఇప్పుడు వీటిని వేరువేరు జాతులుగా పేర్లు పెట్టి చెప్పుకుంటున్నాం గానీ, ఒకప్పుడు ఊళ్ళలో గీతలు ఇంత గట్టిగా లేవు. పక్క ఊళ్ళో మంచి వేట మగకుక్క ఉందంటే మన ఆడకుక్కను అక్కడికి తీసుకుపోయేవారు. దాని తాత ఎవరని ఎవరూ పుస్తకం చూడలేదు.

ఈ కలపడం అన్నది మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ ఉంది. అక్కడ గ్రేహౌండ్ దొరల కుక్క. రాజుగారి అడవుల్లో సామాన్యుల కుక్కలు జింకల వెంట పరిగెత్తకుండా ముందుకాలి గోళ్ళు మూడు కోసేసే ఆచారం ఉండేది. 1217 నాటి అటవీ శాసనంలో అది రాసి ఉంది. పేదవాడేం చేశాడు? గ్రేహౌండ్ రక్తాన్ని గొర్రెల కుక్కతోనో టెర్రియర్‌తోనో కలిపాడు. ఆ కలగలుపు కుక్క పేరే లర్చర్. గ్రేహౌండ్ వేగం, గొర్రెల కుక్క బుద్ధి. చూస్తే మామూలు కుక్క మాదిరి ఉంటుంది, రాత్రికి కుందేలు తెస్తుంది. 1671లో చేసిన వేట చట్టంలో ఆస్తి లేనివాళ్ళు పెట్టుకోకూడని వాటిలో లర్చర్ పేరు కూడా చేర్చారు. దొరలకు ఎంత మంటో చూడండి.

అదే ఇంగ్లీషు దొరలు మన దేశానికి వచ్చాక గ్రేహౌండ్లను ఓడల్లో తెచ్చుకున్నారు. మన ఎండకు అవి నిలవలేదు. అప్పుడు వాళ్ళే ఇక్కడి కుక్కలతో కలిపారు. కంటోన్మెంట్లలో దొరికిన కుక్కలన్నింటినీ కలగలిపి నక్కల వెంట తరిమేవారు. ఆ గుంపును బాబరీ ప్యాక్ అనేవారు. మన హిందీవాళ్ళ "బాప్ రే" అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. వాళ్ళ దేశంలో పేదవాడి కుక్క అన్నదాన్ని ఇక్కడ వాళ్ళే తయారు చేసుకోవలసి వచ్చింది.

ఎందుకు కలపాలి? చూపుతో వేటాడే కుక్క కంటితో పట్టుకుంటుంది, ముక్కుతో కాదు. బయలులో దాన్ని మించినది లేదు. కానీ కుందేలు ఒక్కసారి పొదలోకి దూరిందా, కంటికి పని పోయింది, కుక్క నిలబడిపోతుంది. మన వైపు చిత్తేరి కొండల కింద బయలు తక్కువ, కంప ఎక్కువ. అందుకే నాటుకుక్క రక్తం కావాలి. నాటుకుక్క ముక్కు పెట్టి వెదుకుతుంది, ఎండకు ఆగుతుంది, రోగానికి ఆగుతుంది, రాగి సంకటి పెట్టినా బతుకుతుంది. వేగం అటునుంచి, బుద్ధీ ఒర్పూ ఇటునుంచి.

మా ఇంటి పెద్దలు పిల్లను ఎంచే పద్ధతి మేము విన్నది ఇలా ఉంటుంది. ముందు పిల్లను చూడరు, తల్లిని చూస్తారు. తల్లి పని చేసేదా, మందలో మేకను ముట్టకుండా తిరిగేదా అని అడుగుతారు. తర్వాత పిల్లల వెనక చెయ్యి తట్టి చప్పుడు చేస్తారు. ఏది తల తిప్పింది, ఏది బెదిరి పారిపోయింది, ఏది దగ్గరికి వచ్చి వాసన చూసింది? వచ్చి చూసినదాన్ని ఎత్తుకుంటారు. రొమ్ము లోతుగా, కడుపు లోపలికి, కాలివేళ్ళు దగ్గరగా, తోక పొడుగ్గా ఉండాలి. పరుగులో ఒక్కసారిగా తిరగాలంటే తోకే చుక్కాని. రంగు ఆఖర్న.

పని నేర్పడం కూడా తొందర లేదు. ఏడాది నిండేదాకా గట్టి పరుగు లేదు, ఎముక ముదరాలి. మొదటి పాఠం పరుగు కాదు, పిలిస్తే రావడం. రెండో పాఠం మేకలు, కోళ్ళ మధ్య నిలబడటం. ఊరి మేకను పట్టిన కుక్కకు ఊళ్ళో చోటు లేదు. మూడోది, పెద్ద కుక్క పక్కన నడవడం. మిగతాదంతా ఆ పెద్దదే నేర్పుతుంది. తెల్లవారుజామున తిప్పి, ఎండెక్కే ముందే ఇంటికి తేవాలి. ఈ సన్నకుక్కలు పరుగు ఆపవు, వేడెక్కి ప్రాణమే పోతుంది. కొట్టి నేర్పినదాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. మోసుకుపోయిన కుక్క కుందేలు పడుతుందా అని ఒక మాట ఉంది. బలవంతంతో పని రాదని దాని అర్థం.

ఇక ఇప్పటి సంగతి. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అందులో వేట అన్న మాటకు అర్థం చాలా వెడల్పు. చంపడం ఒక్కటే కాదు, తరమడం, వెంటాడించడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. "కుక్క పట్టలేదు సార్, ఊరికే పరిగెత్తింది" అన్నది సాకు కాదు. కుందేలు కూడా రక్షణ ఉన్న జంతువే. కుక్కను వదిలి వీడియో తీసి పెట్టేవాడు తన మీద తానే సాక్ష్యం పెట్టుకుంటున్నాడు. ఇంగ్లండులో కూడా 2004 చట్టంతో కుందేళ్ళ మీదికి కుక్కలను వదిలే పందేలు నిషేధించారు. లర్చర్ పుట్టిన ఊళ్ళోనే ఆ ఆట ఆగింది.

వేట ఆగడం మంచిదే. అడవుల్లో మిగిలినవి కొన్నే. కానీ పని ఆగాక ఎంపిక ఏమైంది? పని చూసి ఎంచడం పోయి రంగు చూసి ఎంచడం వచ్చింది. రాజపాళయం అంటే పాల తెలుపు, గులాబి ముక్కు ఉండాలన్నారు. తెల్లదాన్ని తెల్లదానితోనే, దగ్గరి చుట్టాల్లోనే కలుపుతూ పోయారు. మిగతా రంగు పిల్లలకు విలువ లేకుండా పోయింది. ఫలితం, చెవిటి పిల్లలు. లోపలి చెవిలో రంగు కణాలు లేకపోతే వినికిడి నిలవదు. డాల్మేషియన్ కుక్కల్లో కూడా ఇదే చిక్కు. పిలిస్తే రావడం మొదటి పాఠమని చెప్పాం కదా. వినలేని కుక్కకు ఏ పాఠం చెప్తారు? చప్పుడు చేసి చూసే ఆ పాత పరీక్ష ఒక్కటి వదలకుండా చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పని మారితే కుక్క కూడా మారగలదని చూపించినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. కృష్ణా, గోదావరి జిల్లాల జోనంగి కుక్క ఒకప్పుడు చిన్న జంతువుల వేటకు పెట్టుకున్నది. కొల్లేరు వైపు బాతులు పెంచేవాళ్ళు దానికి బాతుల మందను కాయడం నేర్పారు. నోటికి అందే బాతును ముట్టకుండా వెంట నడిచే వేటకుక్క! ఇంతకన్నా గొప్ప శిక్షణ ఏముంటుంది? ముధోల్ కుక్కను కూడా 2016లో మన సైన్యం శిక్షణకు తీసుకుంది. రాజపాళయం, ముధోల్ కుక్కలకు 2005లో తపాలా బిళ్ళలు వేశారు. బిళ్ళ గౌరవం సరే, పని ఇచ్చిన గౌరవమే కుక్కను నిలబెడుతుంది.

కాబట్టి కుర్రవాళ్ళకు మా మాట. పిల్లను కొనేముందు తల్లిని చూడండి. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. రంగుకు డబ్బు పెట్టకండి, బుద్ధికి పెట్టండి. తోట కాపలా, మేకల కాపలా, రాత్రి చేను దగ్గర తోడు, ఏదో ఒక పని ఇవ్వండి. పని లేకుండా గొలుసుకు కట్టేసిన పరుగుకుక్క ఇంటికీ బాధ, దానికీ బాధ. కుందేలు మీదికి మాత్రం వదలొద్దు. మన పెద్దల దగ్గర మనకు మిగిలిన ఆస్తి వేట కాదు, ఎంచే కన్ను.

మీ ఇళ్ళలో ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఉంటే ఒక్క పని చేయండి. వాళ్ళ కాలంలో కుక్కలకు పెట్టిన పేర్లు, పిలిచే కూతలు, ఎంచే గుర్తులు అడిగి రాసి పంపండి. కోవివన్ పేరు రాతిలో ఉంది కాబట్టి నిలిచింది. మన ఇంటి కుక్కల పేర్లు ఆ ముసలివాళ్ళ నోట్లో మాత్రమే ఉన్నాయి.