అయిదేళ్ల ధ్రువుడు, మూడడుగుల నోమ్

కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. హరికథ చెప్పే దాసుగారికి ఇంతకు మించిన ఆహార్యం ఉండదు. అయినా ఎదురుగా కూర్చున్న జనానికి ఆ ఒక్క మనిషిలోనే ఉత్తానపాదుడు, సునీతి, సురుచి, నారదుడు వంతులవారీగా కనబడతారు. తండ్రి తొడ ఎక్కబోయి, సవతి తల్లి మాటకు చిన్నబోయిన అయిదేళ్ల ధ్రువుడూ కనబడతాడు.

బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడి హరికథ విన్నారు. ఆ ఊపులో ఆయన తొలిసారిగా అల్లుకున్న కథ ధ్రువ చరిత్రే. తర్వాతి కాలంలో హరికథా పితామహుడిగా పేరుపొంది, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన దాసుగారిది నిండైన విగ్రహం. అంతటి మనిషి గుప్పెడంత పసివాడిగా మారాలంటే పొట్టిగా కనబడితే సరిపోదు. ఆ పిల్లవాడికి తగిలిన దెబ్బ, వాడు పట్టిన పంతం వినేవాళ్లకు తగలాలి.

మరొకరి బతుకును మాటతో తొడుక్కునే ఈ విద్య ఉత్తరాంధ్రకు కొత్త కాదు. తూర్పు భాగవతంలో మగవాడు సత్యభామ అవుతాడు. పగటి వేషగాడు ఇవాళ బైరాగి, రేపు ఇంకొకరు.

1974లో అమెరికాలో ఇలాంటి విద్యే ఒక ఆటగా అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ 1,000 ప్రతులు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని అది ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితో చెబుతారు. ఆ పని నెగ్గిందో లేదో పాచికలు తేలుస్తాయి. వేషం లేదు, రంగస్థలం లేదు. ఉన్నదంతా మాటే.

ఈ ఆటలో పాత్రకు ఒక జాతిని ఎంచుకోవాలి. మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివాటితో పాటు నోమ్ కూడా ఒక జాతి. మూడు నాలుగు అడుగుల ఎత్తు, పద్దెనిమిది కిలోల బరువు, మూడున్నర శతాబ్దాలు దాటే ఆయుష్షు దాని కొలతలు. కొలతలు తేలికే. ఆ పాత్రను పోషించడమే దశాబ్దాలుగా ఆటగాళ్లకు పరీక్ష అయింది.

నోమ్ పుట్టింది యూరప్ గనుల నేపథ్యంలో. గనుల ఊళ్లలో తిరిగి, గని కార్మికుల రోగాల మీద గ్రంథం రాసిన వైద్యుడు పారాసెల్సస్ (1493–1541) పంచభూతాల్లాంటి నాలుగు మూలకాలకు నాలుగు రకాల జీవులను ఊహించాడు. నేలకు సంబంధించినవి నోమ్‌లు. మనుషులు గాలిలో నడిచినంత సులువుగా అవి మట్టిలో, రాతిలో నడుస్తాయని రాశాడు. ఆ రచన ఆయన పోయాక 1566లో వెలుగు చూసింది. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనులు చూసిన కళ్లకు ఆ ఊహ వింతగా తోచదు. నేల లోపల సిరి ఉంటుందనీ, దానికో కాపలా ఉంటుందనీ తెలుగునేల ఎప్పటినుంచో నమ్మింది. లంకెబిందెలకు నాగుపాము కాపలా. పురాణాల్లో నిధులకు అధిపతి కుబేరుడు. శిల్పాల్లో ఆయనది పొట్టి రూపం, బాన పొట్ట. అమరావతి స్తూపం శిల్పాల్లో దండలు మోసే మరుగుజ్జు యక్షులూ ఆ కోవకు చెందినవారే.

పందొమ్మిదో శతాబ్దానికి యూరప్‌లో నోమ్ తోటల్లో నిలబెట్టే ఎర్రటోపీ బొమ్మగా మారింది. ఆ బొమ్మ నీడ ఎంత బలమైనదంటే, తొలి రచనల్లో తన ఎల్ఫ్‌లలో ఒక తెగను నోమ్‌లని పిలిచిన రచయిత టోల్కీన్ ఆ పేరునే వదులుకున్నాడు.

1974 పెట్టెలో నోమ్ ఎదురుపడే జీవుల పట్టికలో ఉంది, ఆటగాళ్లు ఎంచుకునే జాతుల్లో లేదు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమ పుస్తకంలో దానికి ఆ చోటు దక్కింది. మనుషులు కాని జాతుల్లో ఇంద్రజాలికుడయ్యే హక్కు అప్పట్లో నోమ్‌కే ఉండేది. బొరియల్లో బతికే జంతువుల భాష దానికి తెలుసు. లేని దాన్ని ఉన్నట్టు చూపడం దాని బలం. అయినా ఒక ఇబ్బంది మిగిలింది. పొట్టిగా, గడ్డంతో, నేల కింద ఉండేవాడు డ్వార్ఫ్. పొట్టిగా, సరదాగా ఉండేవాడు హాఫ్లింగ్. ఇద్దరి మధ్యా నోమ్‌కు సొంత మొహం ఏది?

1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ నవలలూ ఆటలూ ఒక మొహం ఇచ్చాయి. అక్కడి నోమ్‌లు యంత్రాల పిచ్చివాళ్లు. ఒక్కొక్కరి పేరు చెప్పడం మొదలుపెడితే వంశచరిత్ర అంతా వస్తుంది. వాళ్లు చేసిన యంత్రం పేలుతుంది, పాఠకుడు నవ్వుతాడు. 2004లో వచ్చిన కంప్యూటర్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని నోమ్‌లూ యంత్రశిల్పులే. అయితే వాళ్ల నగరం నోమెరెగాన్ విషకిరణాలకు పాడుపడింది. ఊరు పోయి డ్వార్ఫ్‌ల పంచన చేరిన జనం వాళ్లు. అలా నవ్వు వెనక ఒక నష్టం చేరింది.

బల్ల మీద ఆటలో మాత్రం నవ్వే మిగిలింది. చాలామంది ఆటగాళ్లు నోమ్ అనగానే గొంతు కీచుగా మార్చి, అల్లరి చేసి ఊరుకున్నారు. 2008లో నాలుగో కూర్పు వచ్చినప్పుడు ఆటగాళ్ల పుస్తకంలో నోమ్ లేదు. మళ్లీ రాక్షసుల పుస్తకంలోకి పోయింది. మరుసటి ఏడాది రెండో ఆటగాళ్ల పుస్తకంలో తిరిగొచ్చింది.

అదే 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ ఆట నోమ్‌కు అన్నిటికన్నా మంచి కారణం ఇచ్చింది. ఈ నోమ్‌ల పూర్వీకులు మరో లోకం నుంచి వచ్చారు. కొత్త అనుభవాలు ఆగిపోతే వాళ్ల జుట్టు, చర్మం రంగు వెలిసిపోతాయి. క్రమంగా ప్రాణం కూడా పోతుంది. దీన్ని బ్లీచింగ్ అంటారు. ఈ ఒక్క ఊహతో నోమ్ కుతూహలానికి అర్థం మారింది. తెలియని తలుపు తెరవడం, తెలియని ఊరికి బయల్దేరడం ఇక అల్లరి కాదు, బతకడం కోసం చేసే పని. పాత్ర పోషించేవాడికి ఇప్పుడు చేతికి ఆనేది ఒకటి దొరికింది.

తెలుగువారు వామనుడిని చూసే తీరు ఇక్కడ గుర్తుకొస్తుంది. మూడడుగుల నేల అడగడానికి వచ్చిన ఆ పొట్టి వటువును చూసి బలి చక్రవర్తి సభలో నవ్వుకున్నవారు ఉండొచ్చు. పోతన భాగవతం చదివే తెలుగు పాఠకుడు మాత్రం నవ్వడు. ఆ చిన్న దేహం ఎందుకు వచ్చిందో అతడికి తెలుసు కనుక.

2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పులో నోమ్‌కు తెలివే ప్రధాన బలమైంది. 2024 ఆటగాళ్ల పుస్తకం జాతి అన్న పాత మాటను తీసేసి జీవజాతి అన్న అర్థమిచ్చే మాట పెట్టుకుంది. అందులోని పది జీవజాతుల్లో నోమ్ ఒకటి. ఆ చోటును నిలబెట్టాల్సింది పుస్తకం కాదు, బల్ల దగ్గర నోరు తెరిచే ఆటగాడు.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాచికలు కొనుక్కుని ఈ ఆటకు కూర్చునే కుర్రకారుకు గురువు పక్క ఊళ్లోనే దొరుకుతాడు. నోమ్ పాత్రను ఎంచుకునేవారు ముందుగా ఏ గుళ్లోనైనా ఒక రాత్రి కూర్చుని ధ్రువ చరిత్ర హరికథ మొదటినుంచి చివరిదాకా విని రావాలి.