కతోలిక విశ్వాసం మన జిల్లాల్లో బలపడుతోందా, బలహీనపడుతోందా?



"ఆర్‌సీఎం వాళ్లు తగ్గిపోతున్నారట కదా అయ్యగారూ?" అని మన సంఘాల్లో అడిగేవాళ్లున్నారు. అడిగేవాళ్లలో కొందరికి దిగులు, కొందరికి, దాచడమెందుకు, లోలోపల కాస్త సంతోషం. ఇంకో వారం మరొకరు గుణదల మాత ఉత్సవం చూసి వచ్చి, ఇసుక వేస్తే రాలనంత జనమని చెబుతారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో చూద్దామని ఈ వ్యాసం. మేము కతోలికులం కాము. పక్కింటి సంగతి చెప్పేవాడికి ఉండాల్సిన జాగ్రత్తతోనే రాస్తున్నాము.

ముందు ఇల్లు ఏదో తెలియాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. కతోలిక పరిపాలనలో మాత్రం ఇవి దాదాపు మొత్తం ఒకే కప్పు కింద, అంటే వరంగల్ మేత్రాసనం కింద ఉన్నాయి. (మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం అంతకుముందు ఖమ్మం జిల్లావి.) ఇటలీలోని మిలాను నుంచి మిషనరీలు 1855లో హైదరాబాదు చేరారు. వారి పని మెల్లగా ఇటు పాకింది. హైదరాబాదు నుంచి వరంగల్‌ను వేరు చేసి 1952 డిసెంబరు 22న కొత్త మేత్రాసనంగా ప్రకటించారు. ఆ కాలాన్ని ఒక్కసారి తలచుకోండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం ఆగింది 1951 అక్టోబరులో. గడీల ముందు వెట్టి చేసిన కుటుంబాలు తలెత్తుకోవడం మొదలుపెట్టిన నేలమీద, ఏడాది తిరిగేసరికి ఈ మేత్రాసనం వెలిసింది. మాల, మాదిగ వాడల్లో బడి, ఆసుపత్రి, ప్రార్థన కలిసి అడుగుపెట్టాయి. తరతరాలుగా గడపలోకి కూడా రానివ్వని మనిషిని పేరు పెట్టి పిలిచిన వాళ్లు గురువులు, కన్యస్త్రీలు. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు. గుంటూరు వైపు నుంచి వలస వచ్చిన కతోలిక రెడ్డి కుటుంబాలది మరో పాయ. ఈ రెండు పాయలూ ఒకే గుడిలో ఎంతవరకు కలిశాయన్నది వారు వారే చెప్పుకోవాల్సిన సంగతి. మన సంఘాల్లోనూ ఆ ప్రశ్న ఉంది కాబట్టి మేము వేలెత్తి చూపము.

మొదటి పీఠాధిపతి ఆల్ఫోన్సో బెరెట్టా ఇటలీ దేశస్థులు, 1985 వరకు ఉన్నారు. ఆ తరువాత 1987లో ఆ పీఠం మీద కూర్చున్న తుమ్మ బాల ఇక్కడివారే, నర్మెట్టలో పుట్టినవారు. 2011లో ఆయన హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. ఆయన తరువాత ఆ స్థానానికి వచ్చిన పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలోనూ మొదటి కార్డినల్ ఆయనే. 2025 మే నెలలో పద్నాలుగో లియో పోపును ఎన్నుకున్నవారిలో ఆయనా ఒకరు. పరాయి దేశపు గురువులతో మొదలైన సంఘం తన పిల్లలను ఆ స్థాయికి పంపిందంటే దాన్ని బలహీనత అనలేం.

ఇక లెక్కల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో క్రైస్తవులు నూటికి 1.3 మంది. అందులో కతోలికులెందరు, సి.ఎస్.ఐ. వారెందరు, బాప్టిస్టులెందరు, స్వతంత్ర సంఘాలవారెందరు అన్నది ఆ లెక్క చెప్పదు, క్రైస్తవులని ఒకటే గడి. ఆ 1.3 కూడా పూర్తి నిజం కాదని ఈ మూడు జిల్లాల్లో ఏ పాస్టరునైనా, ఏ గురువునైనా అడగండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవుడినని రాయించుకున్న దళితుడికి మిగిలేది బీసీ-సీ, అందులో ఒక్క శాతం రిజర్వేషను. అందుకే ఆదివారం పూజలో మోకరించే కుటుంబం సోమవారం తహసీల్దారు ఆఫీసులో హిందువుగానే ఉంటుంది. వాళ్లను తప్పుపట్టేముందు పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంటు, హాస్టలు సీటు, ఉద్యోగం గుర్తుకు తెచ్చుకోండి. మహబూబాబాద్ తండాల్లో లంబాడా విశ్వాసికి, భూపాలపల్లి అడవి అంచున కోయ విశ్వాసికి ఈ బాధ లేదు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. కనుక జనాభా లెక్కల్లో తండా క్రైస్తవుడు కనబడతాడు, వాడ క్రైస్తవుడు కనబడడు. ఈ అంకెలు పట్టుకుని ఎవరు పెరిగారో, ఎవరు తరిగారో తేల్చలేం.

కంటికి కనబడే ఆచారాన్ని చూస్తే కతోలికులు బలంగానే ఉన్నారు. తపస్సుకాలంలో సిలువమార్గం, మ్రానికొమ్మల ఆదివారం, కాజీపేట ఫాతిమా నగర్‌లోని ప్రధాన దేవాలయానికి యాత్ర, ఫిబ్రవరి వచ్చిందంటే మహబూబాబాద్ స్టేషనులో రైలెక్కి గుణదలకు ప్రయాణం. ఇవేవీ తగ్గలేదు. గుణదలలో తలనీలాలు ఇచ్చేవాళ్లలో క్రైస్తవేతరులూ ఉంటారన్నది అందరికీ తెలిసిందే. పండుగ జనాన్ని చూసి సంఘం బలాన్ని కొలవకూడదనడానికి అదొక్కటి చాలు. మన కన్వెన్షను సభల్లో వేసిన కుర్చీలను లెక్కబెట్టి ఉజ్జీవం వచ్చిందని పత్రికల్లో రాసే మనకూ ఇది వర్తిస్తుంది. మా పత్రికలోనూ అలా రాశాము.

కతోలిక సంఘం తనను తాను కొలుచుకునే కొలమానం వేరే ఉంది. ప్రతి ఆదివారం దివ్యబలి పూజ, ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం, పాస్కా కాలంలో దివ్యసత్ప్రసాదం, పిల్లలకు సత్యోపదేశం. వీటన్నిటికీ ఊళ్లో ఆధారంగా నిలిచిన మనిషి ఒకడుండేవాడు. అతడే ఉపదేశి.

ఆ మనిషి గురించి కాస్త ఆగి చెప్పాలి. విచారణ గురువుకు ఇరవై, ముప్ఫై ఊళ్లు ఉండేవి. ఒక్కో ఊరికి నెలకో, రెండు నెలలకో వచ్చేవారు. మిగతా రోజుల్లో సంఘమంటే ఉపదేశే. పగలు పిల్లలకు అఆలు, సాయంత్రం జపమాల, రోగి దగ్గర ప్రార్థన, ప్రాణం పోతున్న పసిబిడ్డకు జ్ఞానస్నానం, చావు జరిగితే గుంత దగ్గర మంత్రాలు, పోలీసు స్టేషనులో చిక్కుపడితే వెంట వెళ్లడం. జీతం తక్కువ, గౌరవం మాత్రం గట్టిది. ఇది కతోలికుల సొత్తు మాత్రమే కాదు. ఇదే మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో, 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య నడిపిన ఉద్యమానికీ వెన్నెముక పల్లెటూరి ఉపాధ్యాయుడే. ఇద్దరి దారులు వేరు, గురువు లేని రోజున ఊరిని నిలబెట్టిన ఏర్పాటు ఒకటే.

ఆ ఏర్పాటు ఇప్పుడు పలచబడింది. ప్రభుత్వ బడి వచ్చాక ఉపదేశి బడి మూతపడింది. విదేశీ విరాళాల చట్టం 2010లోను, 2020 సవరణతోను బిగిసింది, ఉపదేశుల జీతాల దారి ఇరుకైంది. ఉపదేశి కొడుకు ఆ పని ఎందుకు చేస్తాడు? అతడు హైదరాబాదులో ఉన్నాడు. జనగామ నుంచి రైలెక్కితే రెండు గంటల లోపే కదా. భూపాలపల్లిలో పరిస్థితి మరోలా ఉంటుంది. బొగ్గుగని, చెల్పూరు విద్యుత్కేంద్రం నలుమూలల నుంచి తెచ్చిన జనం అది. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు మధ్య ఆదివారం దొరకడమే కష్టం. ప్లేడే పడితే రెట్టింపు జీతం, ఆ రోజు పూజకు రమ్మని ఏ గురువు అడగగలరు, ఏ పాస్టరు అడగగలరు? క్వార్టర్ల మధ్య గుడి ఉంటుంది, కాని ఇంటికొచ్చి పిల్లలను కూర్చోబెట్టే ముసలాయన ఉండడు.

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లం మనమే. శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్వస్థత కూడిక, మోటారు సైకిలు మీద వారానికి మూడుసార్లు వచ్చే పాస్టరు. కతోలిక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డనెత్తుకుని ముందు వచ్చింది ఆయన దగ్గరికే, గుడి దూరం కాబట్టి. ఒకే గోడమీద మరియమాత పటం, పక్కనే స్వతంత్ర సంఘం ఇచ్చిన కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు ఉన్న ఇళ్లను మేము ఎన్నో చూశాము. పెళ్లికి, సమాధికి ఆర్‌సీఎం. రోగానికి, అప్పుల బాధకు మన ప్రార్థన. ఆ ఇంటిని వారి రిజిస్టరులోనూ రాస్తారు, మన రిజిస్టరులోనూ రాస్తారు. రెండు వైపులా పెరిగినట్టే లెక్క. ఆ ఇంట్లో పదేళ్ల పిల్లకు పరలోక ప్రార్థన పూర్తిగా రాదు.

ఇక్కడ మా అభిప్రాయం సూటిగా చెబుతాము, కొందరు సేవకులకు నచ్చకపోవచ్చు. అవతలి గుడి నుంచి వచ్చిన కుటుంబానికి మళ్లీ బాప్తిస్మమిచ్చి, ఆ సంఖ్యను సువార్త ఫలమని రాసుకుంటున్నాము. బాప్తిస్మం గురించి మన సంఘాల్లో రెండు అభిప్రాయాలున్నాయి, ఆ వాదన ఇక్కడ తేలదు. కాని క్రీస్తును ఎరిగిన ఇంటిని ఒక రిజిస్టరు నుంచి ఇంకో రిజిస్టరుకు మార్చడాన్ని వృద్ధి అనము. కతోలికులు తగ్గారని సంతోషించేవారు ఒక్కటి గమనించాలి. అక్కడ బోధ లేక కదిలిన మనిషి ఇక్కడా బోధ లేకపోతే ఇంకెక్కడికో కదులుతాడు, లేదా ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండిపోతాడు. రెండో రకంవాళ్లే ఎక్కువవుతున్నారని మా భయం.

ప్రపంచ చిత్రం కూడా ఇదే చెబుతుంది. కతోలికులు 2023 నాటికి 140 కోట్లు దాటారు. అదే ఏడు కన్యస్త్రీలు 5 లక్షల 90 వేలకు దిగువకు వచ్చారు, గురువుల సంఖ్యా స్వల్పంగా తగ్గింది. సభ్యులు పెరుగుతున్నారు, నేర్పేవాళ్లు తరుగుతున్నారు. ఒకప్పుడు ఇటలీ నుంచి గురువులు వరంగల్‌కు వచ్చారు. ఇప్పుడు తెలుగు గురువులు యూరపులో, అమెరికాలో విచారణలు చూస్తున్నారు. కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: ఈ మూడు జిల్లాల్లో కతోలిక ఆచారం బలంగా ఉంది, కతోలిక బోధ బలహీనపడింది. మన సంఘాల సంగతి అంతకంటే మెరుగని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు.

తిమోతి విశ్వాసాన్ని గురించి రాస్తూ పౌలు అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేరుపేరునా తలచుకున్నాడు. కతోలిక కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి బాప్తిస్మం అడిగితే మేము మొదట ఒక మాట అడుగుతాము: నీకు ప్రార్థన నేర్పింది ఎవరు? యాభై దాటినవాళ్లు ఊరి ఉపదేశి పేరు చెబుతారు. ముప్ఫైల్లో ఉన్నవాళ్లు అమ్మమ్మ అంటారు. ఇరవై లోపు పిల్లలు కాసేపు ఆలోచించి, ఫోనులో చూసి నేర్చుకున్నామంటారు. అప్పుడు మేము బాప్తిస్మం తేదీ రాసుకోము. విచారణ గురువుకు ఫోను చేసి, ఈ ఇంటికి ఇద్దరం కలిసి ఒకసారి వెళ్దామా అని అడుగుతాము. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.