పిల్లల దగ్గుమందుల చరిత్ర

మాఘ ఫాల్గుణ మాసములలో గురజాల, మాచర్ల ప్రాంతములందలి మిరపకల్లముల ప్రక్కగా నడచిపోవువానికి దగ్గు రాకమానదు. టిక్కీలలో కాయలు తొక్కునప్పుడు లేచు ఘాటులోని కాప్సైసిన్ అను పదార్థము శ్వాసనాళములందలి నాడుల కొనలను రేపును. వెంటనే ఊపిరితిత్తులు గాలిని బలముగా వెలికి తోయును. పడిశములో ఈ పని చేయించునవి వైరస్ వలన వాచిన గొంతు, అందు చేరిన కఫము. కాబట్టి దగ్గు శరీరము పెట్టుకొన్న కావలి. 1984లో కోలియర్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కాప్సైసిన్‌ను కొలత ప్రకారము మనుష్యులచే పీల్పించి, వచ్చిన దగ్గులను లెక్కించిరి. దగ్గుమందులను పరీక్షించుటకు మిరపఘాటు ఇట్లు ఒక సాధనమైనది.

పరీక్షలకన్న మందులు ఎంతో ముందు పుట్టినవి. తెలుగునాట అడ్డసరపు ఆకు కషాయము, శొంఠి, మిరియాలు, తేనె తరతరములుగా వాడుకలో ఉన్నవి. అడ్డసరములోని వాసిసిన్ అను క్షారాభమును 1888లో వెల్లడించినవాడు డేవిడ్ హూపర్. ఇతడు ఉదకమండలములో మద్రాసు ప్రభుత్వపు క్వినైను రసాయనజ్ఞుడుగా పనిచేసెను. వాసిసిన్ నిర్మాణము ఆధారముగా తయారైన బ్రోమ్‌హెక్సిన్ 1963లో జర్మనీలో అమ్మకమునకు వచ్చినది. నరసరావుపేట మందుల దుకాణములో సీసాపై ఈ పేరు చదువువానికి, అది కంచెమొక్క సంతతియని తోచదు.

ఐరోపావారు నల్లమందు త్రోవ పట్టిరి. 1832లో రొబికే అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు దాని నుండి కోడీన్‌ను వేరుచేసెను. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగానే అమ్మకమునకు పెట్టినది! దాని వ్యసనము లోకమునకు తెలియుటకు ఎక్కువకాలము పట్టలేదు. కోడీన్‌వలె అలవాటు చేయదని 1958లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌ట్రోమిథార్ఫాన్ తరువాత ఇంటింటి మందైనది.

ఇవన్నియు పనిచేసినట్లే కనబడుటకు కారణము దగ్గు స్వభావములోనే కలదు. పడిశము పట్టిన పిల్లలలో సగముమందికి సుమారు 10 దినములలో, పదింట తొమ్మండుగురికి 25 దినములలో దగ్గు తనంతటనే తగ్గును. ఏడవనాడు మందు పోసి పదవనాడు తగ్గినచో కీర్తి సీసాకే దక్కును. ఈ చిక్కు విప్పుటకు మందు లేని జట్టుతో పోల్చిచూచుట తప్ప దారి లేదు. 2004లో పెన్సిల్వేనియాకు చెందిన ఇయాన్ పాల్, అతని తోటివారు 100 మంది పిల్లలను మూడు జట్లు చేసి, రెండు జట్లకు రెండు మందులును, మూడవదానికి మందులేని తీపి పానకమును ఇచ్చిరి. ఆ రాత్రి మూడు జట్లును మెరుగైనవి. వాని నడుమ చెప్పదగిన తేడా లేదు. 2007లో 105 మందిపై జరిపిన మరియొక పరీక్షలో, ఏమియు ఇయ్యనిదానికన్న తేనె మెరుగనిపించుకొనెను, డెక్స్‌ట్రోమిథార్ఫాన్ అనిపించుకొనలేదు. తల్లిదండ్రుల అంచనాయే ఇందు కొలబద్ద గనుక తేనె గొప్పను మరీ పెంచి చెప్పరాదు.

గుణము లేకపోయినను హాని ఏమున్నదని అనుకొనువారు 1970ల తొలినాళ్ళ మద్రాసును తలచుకొనవలెను. అచ్చట కలుషితమైన పానకపు మందు త్రాగి పలువురు పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. అందు కలిసినది డైఇథిలీన్ గ్లైకాల్. బ్రేకు ద్రవములలో వాడు తియ్యని ద్రావకము. మందులలో వాడదగిన ద్రావకములకు బదులు చౌకసరకు చేరినప్పుడు ఇట్టి ప్రమాదము వచ్చును. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతములో అదే విషము 20 మందికి పైగా పిల్లలను బలిగొన్నది. తమిళనాడులో తయారైన ఆ దగ్గుమందులో విషము 48.6 శాతమున్నట్లు పరీక్షలో తేలినది. 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల శాఖ, రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదనియు, ఐదేండ్లలోపువారికి సాధారణముగా తగవనియు రాష్ట్రములకు తెలిపినది.

ఏడాది నిండని బిడ్డకు తేనె కూడ పనికిరాదు. అందుండు బొట్యులిజం బీజములు ప్రాణము మీదికి తెచ్చును. పెద్దపిల్లలకు పడుకొనబోవు ముందు ఒక చెంచా చాలును. దగ్గుకన్న ముందు చూడవలసినది ఊపిరి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక పూర్తి నిమిషము లెక్కింపవలెను. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40, లేక అంతకు మించినను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగలేకున్నను అది న్యుమోనియా కావచ్చును. అప్పుడు పోవలసినది ఆసుపత్రికి.