బెర్లిన్ డిక్రీ నుంచి ఫిల్టర్ కాఫీ వరకు: వాణిజ్య నిషేధాలు నేర్పిన చేదు రుచులు

శత్రుదేశాన్ని యుద్ధంలో గెలవలేని పాలకులు ఆ దేశపు సరుకును ఎవరూ కొనరాదని చట్టం చేయడం కొత్త కాదు. అటువంటి చట్టం దెబ్బ మొదట తగిలేది వంటింటికే. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో ఐరోపా ప్రజలు వేయించిన వేర్ల పొడిని కాఫీ అనుకొని తాగవలసి రావడానికీ, దుంపల రసం నుంచి చక్కెర తీయవలసి రావడానికీ మూలం ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ బోనపార్టే విధించిన వాణిజ్య నిషేధం.

నిషేధం ఏమిటి?

1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో ఫ్రెంచ్, స్పానిష్ నౌకాదళాలు ఓడిపోయాయి. బ్రిటన్‌పై సముద్రమార్గాన దాడి చేసే అవకాశం దాదాపు మూసుకుపోవడంతో ఆ దేశ వ్యాపారాన్ని దెబ్బతీయాలని నెపోలియన్ సంకల్పించారు. 1806 నవంబర్ 21న బెర్లిన్ డిక్రీ జారీ అయింది. బ్రిటన్‌తో వ్యాపారమే కాదు, ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా నేరమయ్యాయి. 1807 నవంబర్‌లో బ్రిటన్ ప్రతి ఉత్తర్వులు వెలువరించింది. అదే ఏడాది డిసెంబర్ 17 నాటి మిలాన్ డిక్రీ, బ్రిటిష్ తనిఖీకి లోబడిన తటస్థ దేశాల నౌకలను సైతం శత్రునౌకలుగా పరిగణించింది. ఈ వ్యవస్థనే చరిత్రకారులు ‘కాంటినెంటల్ సిస్టమ్’గా వ్యవహరిస్తారు.

కప్పులోకి వచ్చినదేమిటి?

కాఫీ, చక్కెర ఉష్ణమండల వలసల నుంచి ఓడల మీద రావలసిన సరుకులు. ఒకప్పుడు ఫ్రాన్స్‌కు ఈ రెండింటినీ సమృద్ధిగా పంపిన సెయింట్ డొమింగ్ 1804లోనే హైతీగా స్వాతంత్ర్యం ప్రకటించుకొంది. నిషేధంతో సరఫరా మరింత క్షీణించి ధరలు సామాన్యునికి అందకుండా పోయాయి. బార్లీ, రై ధాన్యం, ఓక్ కాయలు వంటివాటిని మాడ్చి, పొడి చేసి, మరిగించి తాగారు. వాటిలో నిలదొక్కుకొన్నది చికోరీ. ఈ మొక్క వేరును ఎండబెట్టి వేయిస్తే అందులోని ఇన్యులిన్ అనే పిండిపదార్థం గోధుమరంగుకు మారి, చేదు కలిసిన మాడు వాసననిస్తుంది. రంగు కాఫీదే, చిక్కదనమూ కాఫీదే. ఉత్తేజాన్నిచ్చే కెఫీన్ మాత్రం అందులో లేదు.

ఇటువంటి కరువు జర్మన్ ప్రాంతాలకు కొత్త కాదు. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విదేశీ కాఫీకి డబ్బు తరలిపోవడం సహించలేక 1781లో కాఫీ గింజలు వేయించే హక్కును రాచగుత్తగా మార్చారు. దొంగచాటుగా వేయించేవారిని పట్టుకోవడానికి మాజీ సైనికులను నియమించారు. వీధుల వెంట వాసన చూసుకుంటూ తిరగడమే వారి ఉద్యోగం.

బీట్ చక్కెర

బీట్ దుంపలో చక్కెర ఉందని జర్మన్ రసాయనవేత్త ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ 1747లోనే నిరూపించారు. చెరకు చక్కెర చౌకగా దొరికినంతకాలం ఆ ఆవిష్కరణను పట్టించుకొన్నవారు తక్కువ. నిషేధం ఆ పరిస్థితిని మార్చింది. 1811 మార్చిలో నెపోలియన్ 32,000 హెక్టార్లలో బీట్ సాగుకు ఆదేశించారు. 1812 జనవరిలో పారిస్ సమీపంలోని పాసీలో బెంజమిన్ డెలెస్సెర్ కర్మాగారాన్ని సందర్శించి, తయారైన చక్కెరను చూసి సంతోషించి ఆయనను ‘లీజియన్ ఆఫ్ ఆనర్’తో సత్కరించారు. వ్యంగ్య చిత్రకారులు మాత్రం చక్రవర్తి తన కాఫీ కప్పులో దుంపను పిండుకొంటున్నట్లు, పసివాడైన ఆయన కుమారుడికి దాది మరో దుంప చీకమని అందిస్తున్నట్లు బొమ్మ గీసి నవ్వించారు.

చట్టం ఎందుకు విఫలమైంది?

నిషేధం కఠినమైన కొద్దీ దొంగరవాణా లాభసాటి అయింది. 1807లో బ్రిటన్ ఆక్రమించిన హెలిగోలాండ్ ద్వీపం ఆ రవాణాకు పెద్ద స్థావరంగా మారింది. 1810 అక్టోబర్‌లో, పట్టుబడిన బ్రిటిష్ తయారీ వస్తువులను బహిరంగంగా తగులబెట్టాలని ఆజ్ఞ వెలువడింది. అయితే పంటలు దెబ్బతిన్న బ్రిటన్‌కు ఆ కాలంలోనే ఫ్రాన్స్ ధాన్యం లైసెన్సులపై వెళ్లింది. చట్టం చేసినవారే మినహాయింపులు అమ్ముకొంటుంటే మిత్రదేశాలు నష్టాన్ని భరించడం కష్టమైంది. 1810 చివర రష్యా తటస్థ నౌకలకు తలుపులు తెరిచింది. ఆ విభేదం 1812 నాటి రష్యా దండయాత్రకు ఒక ముఖ్య కారణం. 1814లో నెపోలియన్ పతనంతో నిషేధం ముగిసింది. చెరకు చక్కెర తిరిగి రావడంతో అనేక బీట్ కర్మాగారాలు మూతపడ్డాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ పరిశ్రమ కోలుకొంది. నేడు ప్రపంచ చక్కెరలో సుమారు అయిదో వంతు బీట్ నుంచే వస్తోంది.

అమెరికాలోనూ ఇదే కథ

1861 ఏప్రిల్‌లో అధ్యక్షుడు అబ్రహం లింకన్ దక్షిణాది రేవులను దిగ్బంధించినప్పుడు అక్కడి ప్రజలు చిలగడదుంప ముక్కలు, మొక్కజొన్న, చివరకు బెండగింజలు కూడా వేయించి కాఫీగా తాగారు. యుద్ధం ముగిశాక బెండగింజల కాఫీని కోరుకొన్నవారు అరుదు. న్యూ ఆర్లీన్స్‌లో చికోరీ కాఫీ మాత్రం నేటికీ నగర ప్రత్యేకతగా నిలిచింది.

భారతదేశంలో

దక్షిణ భారత ఫిల్టర్ కాఫీలో చికోరీ కలపడం సాధారణం. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఈ పంట సాగవుతోంది. దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. రెండింటి పాళ్లనూ పొట్లంపై ముద్రించాలి. ఐరోపా జనం ఒకప్పుడు గత్యంతరం లేక మింగిన చేదును తెలుగు ఇళ్లలో చిక్కదనం కోసం కోరి కలుపుకొంటున్నారు. ఎంత కలిసిందో తెలుసుకొని కొనే హక్కు మాత్రం నేటి కొనుగోలుదారుకు చట్టమే ఇచ్చింది.